ఊట దగ్గర ఎర

ఒక కొండ కింద గొర్రెల పల్లె ఉండేది. కొండ మీద తోడేళ్ళు ఉండేవి. పల్లెవాళ్ళు పొద్దున మందలు తోలుకుని కొండెక్కేవాళ్ళు, పొద్దు వాలాక దిగేవాళ్ళు. అప్పుడప్పుడు ఒక గొర్రెపిల్ల తక్కువయ్యేది. పోగొట్టుకున్నవాళ్ళు ఏడ్చేవాళ్ళు, తోడేలును దాని వంశంతో సహా తిట్టేవాళ్ళు, మర్నాడు దుడ్డుకర్ర ఇంకాస్త గట్టిగా పట్టుకుని మళ్ళీ అదే కొండెక్కేవాళ్ళు. దాన్ని ఎవరూ ఆపద అనలేదు. బతుకు అనుకున్నారు.

ఒక ఎండాకాలం ఊరి పెద్దాయన పొట్టేలును తోడేలు ఎత్తుకుపోయింది.

అది మామూలు పొట్టేలు కాదు. పందేలకు పెంచినది. కొమ్ములకు ఇత్తడి తొడుగులు, మెడలో గజ్జెలు. నానబెట్టిన శనగలు తిని, దారిన పోయేవాళ్ళను అచ్చం పెద్దాయన చూసినట్టే చూసేది. అది పోయిన సాయంత్రమే పల్లెలో దండోరా వేశారు. అన్నేళ్ళుగా అందరి గొర్రెపిల్లలూ పోతుంటే అది తోడేలు ఆకలి. పెద్దాయన పొట్టేలు పోయేసరికి అది పల్లెకు ఆపద.

"ఈ రోజు నా పొట్టేలు. రేపు మీ పొట్టేళ్ళు!" అన్నాడు పెద్దాయన రచ్చబండ మీద నిలబడి.

"మాకు పొట్టేళ్ళు యాడివి సామీ?" అన్నారెవరో వెనక నుంచి. పక్కవాడు చటుక్కున వాడి నోరు మూశాడు. మిగతావాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

అలా పెద్దాయన పిలిపించగా ఉచ్చులవాడు వచ్చాడు. సన్నటి మనిషి, తక్కువ మాటలవాడు. అతని దగ్గర పళ్ళున్న ఇనప ఉచ్చులు ఉన్నాయి. తెరిచి పెడితే నోరు తెరిచినట్టే ఉంటాయి. వాటిని తంగేడు చెక్క వేసిన నీళ్ళలో ఉడకబెట్టి, వేపాకు పొగ పట్టించి, చేతులకు తోలు తొడుగులు వేసుకుంటే గానీ ముట్టుకునేవాడు కాదు. నేల మీద మోకాలు ఆనించాలంటే ముందు మేకతోలు పరిచేవాడు.

"ఏమప్పా, అంత మడి?" అని అడిగింది చివరింటామె.

పల్లెలో ఆఖరి ఇల్లు ఆమెది. మొగుడు పోయాడు. ఒక చిన్న మంద, ఒక కుక్క, మొగుడు కప్పుకున్న నల్ల గొంగడి మిగిలాయి. ఆ ఎండాకాలం మందలో చాలా గొర్రెలు చూలుతో ఉన్నాయి. ఈనిన గొర్రెకు పాలు పడాలంటే నీళ్ళు కావాలి. వాగు ఎండిపోయింది. పల్లె బావిలో నీళ్ళు మనుషులకే చాలడం లేదు. కొండ మీద ఊట ఒక్కటే ఎండాకాలం కూడా ఆగకుండా పారుతుంది. ఊట ఉంటే మంద ఉంటుంది, మంద ఉంటే ఆమె ఉంటుంది. అంతకు మించిన ఆస్తి ఆమెకు లేదు.

"మనిషి వాసన తగిలితే తోడేలు రాదు" అన్నాడు ఉచ్చులవాడు. "ఇనుము ఎవడైనా పెడతాడు. చోటు ఎంచుకోవడమే పని."

అతను చోటు ఎంచుకోవడానికి కొండెక్కాడు. పల్లె మొత్తం పెళ్ళికొడుకు వెంట నడిచినట్టు వెనక నడిచింది. అతను వంగి పెంట చూశాడు. పొదకు చిక్కిన వెంట్రుక తీసి ఎండకు పట్టి చూశాడు. పిడికెడు దుమ్ము వదిలి గాలి ఎటు పోతుందో చూశాడు. అతను ఆగినచోటల్లా జనం ఆగారు, అతను తల ఊపినప్పుడల్లా తల ఊపారు. ఎందుకో ఒక్కరికీ తెలియదు.

చివరకు మూడు చోట్లు తేల్చాడు. ఒకటి కనుమ. అక్కడ దారి సన్నబడుతుంది. రెండోది గట్టు కింది గడ్డి మైదానం. మూడోది ఊట. మూడింటి చుట్టూ కంపలకు ఎర్రగుడ్డలు కట్టించాడు.

"ఈ గుడ్డల లోపల మనిషి అడుగు పడకూడదు. గొర్రె అడుగూ పడకూడదు. తోడేలుకు నమ్మకం కుదరాలి."

చివరింటామె మూడు వైపులా చూసింది.

"దారి దానికే ఇస్తివి. గడ్డి దానికే ఇస్తివి. నీళ్ళూ దానికే ఇస్తివి. మరి మాకేం మిగిల్చినావు?"

"భద్రత" అన్నాడు పెద్దాయన.

"అది గొర్రెలు తాగుతాయా సామీ?"

జనం నవ్వారు. పెద్దాయన ముఖం చూసి, నవ్వును దగ్గుగా మార్చుకున్నారు.

"కొన్నాళ్ళే కదమ్మా, ఓర్చుకో" అన్నాడు పెద్దాయన మెత్తగా.

ఈ కొన్నాళ్ళే అనే మాటను మించిన కంచెను నేల మీద ఇంతవరకూ ఎవడూ కట్టలేదు. ముళ్ళకంపనైతే గొడ్డలితో కొట్టి దారి చేసుకోవచ్చు. ఈ కంచెను మాత్రం జనమే మోసుకొచ్చి, జనమే పాతి, జనమే కాపలా కాస్తారు.

ఎర పని మొదలైంది.

"ముందే ఉచ్చు పెట్టకూడదు" అన్నాడు ఉచ్చులవాడు. "ముందు తిండి పెట్టాలి. వచ్చి తినాలి, పోవాలి, మళ్ళీ రావాలి. ఈ చోటు నాది అని దానికి అనిపించాలి."

తిండి అంటే ఇంటికో గొర్రె. పెద్దాయన ఇంటి వంతు వచ్చేసరికి ఆయన పొట్టేలు ముందే తోడేలుకు ముట్టింది కాబట్టి చెల్లిపోయిందన్నారు. పెద్దాయన మంద మాత్రం కొండకు ఆవలి వైపు రోజూ మేస్తూనే ఉంది. అటు ఆయనకు సొంతంగా ఒక మడుగు ఉంది. ఆయన మందకు వాసన ఉండదా అని చివరింటామె అడిగింది. అటుపక్క గాలి వేరు అని చెప్పారు. వినయంగా విన్నవాళ్ళకు అది అర్థమైంది కూడా.

ఇక వాసన పిచ్చి పట్టుకుంది పల్లెకు. ఎర చోట్లకు మాంసం మోసుకుపోయేవాళ్ళు వేపాకు నీళ్ళతో స్నానం చేసేవాళ్ళు. వాళ్ళను చూసి మోయనివాళ్ళూ చేశారు. తాతల నాటి గొంగళ్ళు గుంట తీసి పూడ్చారు. ఎవరి ఒంటికి వాసన తక్కువుంటే వాళ్ళకు రచ్చబండ మీద ముందు చోటు. పెళ్ళి చూపుల్లో పిల్ల వంట అడగడం మానేసి, పిల్ల మెడ దగ్గర ముక్కు పెట్టారట. గొర్రె వాసనతో పుట్టి, గొర్రె వాసనతో పెరిగి, గొర్రె అమ్మి పెళ్ళి చేసుకున్న జాతి, గొర్రె వాసనంటే ముక్కు మూసుకోవడం నేర్చింది.

వాసన చూసే పనికి పెద్దాయన చివరింటామె మరిదిని పెట్టాడు. చేతికి ఒక కర్ర, తలకు ఒక ఎర్రపాగా ఇచ్చాడు. మరిది ఇల్లిల్లూ తిరిగి జనాన్ని వాసన చూసేవాడు. వదిన ఇంటికీ వచ్చాడు.

"వదినా, నీ దగ్గర కంపు కొడుతోంది."

"కంపు కాదబ్బీ, గొర్రె. మీ అమ్మ నిన్ను కని చుట్టింది ఈ కంపులోనే."

"ఆ గొంగడి పూడ్చేయమన్నారు."

"మీ అన్నను పూడ్చినాను. చాల్లే."

మరిది తలొంచుకుని పాగా సర్దుకున్నాడు.

"నన్ను నమ్మి పని అప్పజెప్పినారు వదినా. పల్లెలో ఇంతమంది ఉండగా నా ముక్కునే ఎంచుకున్నారు."

"ఎంచుకోరా మరి! నోరున్నవాణ్ణి ఎంచుకుంటే కష్టం కదా" అంది చివరింటామె.

కొండ కింద మందలు ఎండిపోయాయి. వాగు ఇసుకలో తవ్వితే బురద ఊరేది. గొర్రెలు దాన్ని మూతితో తోసి తల తిప్పుకునేవి. వేప వాసన కొట్టే చేతులు దగ్గరికి వస్తే తమ మనిషే అని పోల్చుకోలేక బెదిరి దూరం జరిగేవి. ఈనిన గొర్రెలకు పాలు పడలేదు. చివరింటామె ఇంట్లో పుట్టిన పిల్లలు తల్లి పొదుగును చీకి చీకి, అలిసి, అక్కడే పడి నిద్రపోయేవి. కొన్ని మళ్ళీ లేవలేదు. తోడేలు ఏడాదంతా తినేదానికంటే ఎక్కువ పిల్లలను ఆ భద్రత తినేసింది.

అప్పుడు ఉచ్చులు పెట్టారు.

"మాంసం పక్కనే ఉచ్చు పెట్టడం చేతగానివాడి పని" అన్నాడు ఉచ్చులవాడు. "చూపు మాంసం మీద ఉన్నప్పుడు కాలు ఎక్కడ పడుతుందో, అక్కడ పెట్టాలి."

పెద్దాయనకు ఈ మాట ఎంత నచ్చిందంటే, మరోసారి చెప్పించుకుని విన్నాడు.

మొదట పడింది చివరింటామె కుక్క. దాహం తట్టుకోలేక ఊట దారి పట్టింది. దాని అరుపు విని ఆమె పరుగెత్తింది. ఇనుప పళ్ళు విడదీసి, కుక్కను భుజాన వేసుకుని దిగింది. పల్లె అంతా గుమిగూడింది. కుక్క ముందు కాలు తెగి వేలాడుతోంది. మరిది వంగి వాసన చూశాడు.

"కుక్క వాసన. చోటు పాడైంది" అన్నాడు.

"మళ్ళీ మొదటి నుంచీ తిండి పెట్టాలి" అన్నాడు ఉచ్చులవాడు.

మళ్ళీ ఇంటికో గొర్రె. జనం కోపంతో ఊగిపోయారు. ఉచ్చు పెట్టినవాడి మీద కాదు, పెట్టించినవాడి మీద కాదు.

"నీ కుక్కను కట్టేసుకుంటే ఏమక్కా? నీ ఒక్కదాని వల్ల ఊరంతా నష్టపోవాల్నా?"

చివరింటామె పాత చీర చింపి కుక్క కాలికి కట్టు కట్టుకుంటూ కూర్చుంది.

మర్నాటి మధ్యాహ్నం ఆమె కొండ మొదట, ఎర్రగుడ్డల ఇవతల నిలబడింది. పైన బండ మీదికి ఒక ఆడతోడేలు వచ్చి కూర్చుంది. వయసు మళ్ళినది. ఇద్దరికీ ఎప్పటి నుంచో ముఖ పరిచయం.

"నీ పిల్లలు బాగా ఒళ్ళు చేసినాయే" అంది చివరింటామె.

"సిగ్గుచేటు" అంది తోడేలు. "మొన్నటిదాకా దొంగిలించి తినేవాళ్ళం. మీ కుక్కలు తరిమితే పరుగెత్తేవాళ్ళం. ఇప్పుడు మీరే మోసుకొచ్చి వడ్డిస్తున్నారు. నా పిల్లలకు పరుగే రాకుండా పోయింది."

"మరి ఉచ్చులో ఒక్కటీ పడలేదేం?"

"మేం పైనుంచి, రాళ్ళ మీదుగా వస్తాం. ఆ దారిలో ఒక్క ఉచ్చూ లేదు. అన్నీ కింది దారిలో ఉన్నాయి. కింది దారిలో నడిచేదెవరు తల్లీ?"

చివరింటామె కింది దారి వైపు చూసింది.

"నీ దగ్గర దాచేదేముంది" అంది తోడేలు. "నీ గొర్రెపిల్ల ఒంటరిగా దొరికితే ఇప్పుడైనా తింటాను. కానీ నేనెప్పుడైనా నిన్ను నీళ్ళు తాగొద్దన్నానా?"

అని బండ దిగి వెళ్ళిపోయింది.

చివరింటామె ఇంటికి వచ్చింది. గొంగడి కప్పుకుంది. దుడ్డుకర్ర తీసుకుని దొడ్డి తలుపు తీసింది. పట్టపగలు, అందరూ చూస్తుండగా మందను తోలుకుని ఎర్రగుడ్డలు దాటింది. నాలుగు అడుగులకోసారి ఆగి ముందు నేలను కర్రతో తట్టింది. మట్టి కింద నుంచి ఇనుము లేచి కర్రను కరిచింది. కర్ర లాక్కుని మళ్ళీ తట్టింది. కర్ర చివర చీలికలైంది. గొర్రెలు ఒకదాని వెనక ఒకటి ఆమె అడుగులోనే అడుగు వేసుకుంటూ నడిచాయి. కనుమ దాటాయి, గడ్డి దాటాయి, ఊట చేరాయి. కడుపులు ఉబ్బేదాకా తాగాయి.

ఆ సాయంత్రం రచ్చబండ నిండిపోయింది. ఆమె చేసిన తప్పు చిన్నది కాదు. తోడేళ్ళ చోటుకు మనిషి వాసన పట్టించింది.

"ఇక మీద ఈమె కొండెక్కకూడదు" అని తీర్పు చెప్పాడు పెద్దాయన.

"సరే సామీ, నేను ఎక్కను" అంది చివరింటామె. "గొర్రెలకు మాత్రం మీరే చెప్పుకోండి. నా మాటకంటే మీ మాటకు విలువ ఎక్కువ కదా."

పొద్దున్నే ఆమె దొడ్డి తలుపు తీసి గడప మీద కూర్చుంది. మంద తనంతట తానే నిన్నటి దారి పట్టింది. తాగి దిగిన గొర్రెల తడి మూతుల వాసన, తడి ఉన్ని వాసన రాత్రి నుంచే పల్లెలోని దొడ్లన్నిటికీ తగిలింది. చివరింటి మంద కొండ ముఖం పట్టగానే పక్క దొడ్డిలో గొర్రెలు దడిని తోశాయి. దాని పక్క దొడ్డి విరిగింది. ఊళ్ళో గొర్రెలన్నీ కొండెక్కాయి. వాటికి తీర్పు అర్థం కాలేదు. చదువు లేని జీవాలు.

జనం వెంటపడ్డారు. పేర్లు పెట్టి పిలిచారు, బతిమాలారు, బూతులు తిట్టారు. వేప కంపు కొట్టే మనుషులు తమను ఎందుకు పిలుస్తున్నారో గొర్రెలకు తెలియలేదు. కనుమ దగ్గర అవి చెదిరిపోయి, దారి వదిలి రెండు పక్కలకూ పరుగెత్తడం మొదలుపెట్టాయి. దారి పక్కన ఇంకా కర్రకు తగలని ఉచ్చులు ఉన్నాయి. అప్పటికే ఒక గొర్రె కాలు ఇరుక్కుని గోల పెడుతోంది. మరిది రొప్పుకుంటూ వదిన గడప దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"వదినా, లే! వచ్చి పిలువు. మా మాట వినడం లేదు. అన్నీ చచ్చిపోతాయి!"

"నేను కొండెక్కకూడదు కదబ్బీ."

"పెద్దాయనతో నేను మాట్లాడతా. నువ్వు లే వదినా, నీకు దండం పెడతా."

ఆమె లేచింది. భుజం మీది గొంగడి తీసి అతని మీద వేసింది. మరిది ముక్కు చిట్లించాడు. తర్వాత, ఎవరూ చూడడం లేదు కదా అని, గట్టిగా పీల్చాడు.

"అన్న వాసన" అన్నాడు.

"ఊఁ. ఇప్పుడు నువ్వు పిలువు. వాటికి తెలుస్తుంది."

ముందు ఆమె కర్రతో నేల తడుతూ నడిచింది. వెనక మరిది గొంగడి కప్పుకుని హోయ్ హోయ్ అని పిలుస్తూ నడిచాడు. చెదిరిన గొర్రెలు చెవులు నిక్కించాయి. ఒక్కొక్కటే దారిలోకి వచ్చి చేరాయి. ఇరుక్కున్నదాన్ని విడిపించి ఒకడు భుజానికెత్తుకున్నాడు. గొర్రెల వెనక జనం, అడుగులో అడుగు వేసి నడిచారు. అందరూ ఊట చేరారు.

గొర్రెలు నీళ్ళ మీద పడ్డాయి. వాటి వెనకే మనుషులూ పడ్డారు. మోకాళ్ళ మీద కూర్చుని మూతులు పెట్టి తాగారు. తలలు ముంచారు. ఒంటికి పట్టిన వేపచేదు కడిగేసుకున్నారు. మొన్న ఆమెను తిట్టినవాళ్ళే ఇప్పుడు ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకుంటూ గెలిచాం గెలిచాం అని అరిచారు. ఎవరో మరిదిని భుజాల మీదికి ఎత్తారు. "ఇంక నువ్వే మాకు పెద్ద!" అన్నారు. మరిది వద్దు వద్దంటూనే కిందికి దిగి, ఎర్రపాగా తీసి ఉతుక్కుని, మళ్ళీ చుట్టుకున్నాడు. ఆపైన అందరిలాగే అతనూ ఊట ఒడ్డున బోర్లా పడుకుని తాగసాగాడు.

పైన గట్టు మీద పెద్దాయన, ఉచ్చులవాడు నిలబడి చూస్తున్నారు. పెద్దాయన ముఖంలో రక్తం లేదు.

"అయిపోయింది" అన్నాడు. "అందరూ వచ్చేసినారు."

ఉచ్చులవాడు పిడికెడు దుమ్ము తీసి వదిలాడు. గాలి చూశాడు. వాలు చూశాడు. ఊట చుట్టూ ఒత్తుకుని కూర్చున్న వీపులను, వంగిన మెడలను తీరిగ్గా చూశాడు.

"ఇన్నేళ్ళలో ఇంత మంచి చోటు నాకు ఒక్కటీ దొరకలేదయ్యా" అన్నాడు. "ఈసారి ఎర కూడా నేను పెట్టలేదు."

అని ఉచ్చుల సంచి ముడి విప్పాడు.

ఊట దగ్గర చివరింటామె ఒక్కతే ఇంకా నిలబడి ఉంది. పెదాలు ఎండి పగిలిపోయాయి. అయినా ఆమె వంగలేదు.

"కూర్చుని తాగు వదినా" అన్నాడు మరిది నీళ్ళలోంచి ముఖం ఎత్తకుండానే. "ఇంకా ఎవరి భయం మనకు?"

"నువ్వు తాగబ్బీ. నువ్వు తాగిందాకా నేను చూస్తుంటా. ఆపైన నువ్వు లేచి నిలబడు. నువ్వు చూస్తుంటే నేను తాగుతా."

"ఏం చూడాల?"

ఆమె చెయ్యి ఎత్తలేదు. గడ్డం మాత్రం కొద్దిగా గట్టు వైపు తిప్పింది.

మరిది లేచి కూర్చుని, ఇంకో దోసిలి ముంచుకుంటూ అటు చూశాడు. నోటి దాకా తెచ్చుకున్న దోసిలి అక్కడే ఆగిపోయింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. చుట్టూ జనం ఇంకా తాగుతూనే ఉన్నారు.